కాటా ఎక్కిన ఇల్లాలు

అన్నం అడుగున కోడిగుడ్డు బయటపడింది!

ఉడకబెట్టి, పెంకు వలిచి, రెండు చెక్కలు చేసి, పైన మిరియాల కారం అన్నం కప్పి దాచిన గుడ్డు... కోడలు సువర్ణ మంచం దగ్గరికి పళ్ళెం వెళ్ళే ముందు అత్తగారు కనకరత్నం అలవాటు ప్రకారం వేలితో కెలికి చూసింది. చూసిన మరుక్షణం పళ్ళెం గోడకు తగిలి ఇల్లంతా మోగింది! మెతుకులు కిటికీ ఊచల దాకా ఎగిరాయి. పక్కనే నిలబడ్డ పద్నాలుగేళ్ళ మనవరాలు గాయత్రి జడ ఆవిడ పిడికిట్లోకి వచ్చేసింది.

"మీ అమ్మని చంపుదామనుకున్నావటే? ఆపరేషన్ చేసిన ఒళ్ళే అది! గుడ్డు తింటే చీము పడుతుందని ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

ఇత్తడి గరిటె కాడ పిల్ల వీపు మీద ఒకసారి పడింది, రెండుసార్లు పడింది, మూడోసారి భుజం ఎముక మీద టంగుమంది. గాయత్రి పళ్ళు బిగించుకుని నిలబడిందే తప్ప కిక్కురుమనలేదు. అరిస్తే అమ్మ లేచి వస్తుందని దాని భయం! కానీ తల్లి ప్రాణం ఊరుకుంటుందా? సువర్ణ మంచం దిగబోయింది, కాళ్ళు నిలబడక నేల మీద మోకాళ్ళతో పడింది.

"అది పసిపిల్ల అత్తయ్యా, దాన్నేం చెయ్యకండి! నేనే అడిగాను... ఆకలికి ఆగలేక నేనే తెమ్మన్నాను!"

ఈ గోలకి పెరటి వైపు చేపల చెరువు దగ్గర్నుంచి గోపీచంద్ వచ్చాడు. కాళ్ళకి బురద, నెత్తిన తువ్వాలు. గోడ మీద కారం మరక చూశాడు, నేల మీద గుడ్డు చెక్క చూశాడు, తల్లి చెప్పింది విన్నాడు. భార్య ఏం చెబుతుందో మాత్రం వినలేదు. ఆ ఇంట్లో పదహారేళ్ళుగా జరుగుతున్న పద్ధతే అది.

"మా అమ్మ తెల్లారగట్ల లేచి నీకోసం విడిగా పథ్యం వండుతుంటే ముట్టుకోవు! మూడు నెలల్నుంచి చూస్తున్నాను... అన్నీ వద్దు, అన్నీ మంట! దొంగతనంగా గుడ్లు మాత్రం కావాలా నీకు? డాక్టరు నీకు కీమో ఆపేశాడే! నువ్వు తినకే ఆపేశాడు! నువ్వు తింటావా, చస్తావా?"

ఫెడీమని చెంప మీద కొట్టాడు. జుట్టు రాలిపోయిన ఆ తల మీద కట్టుకున్న గుడ్డ ఊడి పక్కకు పడింది. అతను ఆగలేదు. గిన్నెలోంచి మిరియాల అన్నం గుప్పెడు తీసి, ఎడమ చేత్తో ఆమె దవడలు నొక్కి నోట్లోకి కుక్కాడు. నోరంతా పుళ్ళు పాపం ఆమెకి! నాలుక మీద, చిగుళ్ళ మీద, గొంతు దాకా! మిరియాలు తగలగానే గొంతు చించుకుని అరిచింది. అయినా ఇంకో గుప్పెడు... "తిను! తింటేనే బతుకుతావు, తిను!" అంటూ కుక్కుతున్నాడు. కొడుతున్నవాడి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూసి జాలిపడమని మాత్రం నేనెవరికీ చెప్పను.

గాయత్రి వచ్చి తండ్రి చెయ్యి కొరికింది. అప్పుడు వదిలాడు. సువర్ణ నోట్లోంచి జారిన మెతుకులు ఎర్రగా ఉన్నాయి. కనకరత్నం ఆ మెతుకుల వంక చూసి ఒక్క క్షణం మొహం తిప్పుకుంది. తర్వాత చీపురు తెచ్చుకుంది.

మూడు నెలల క్రితం ఏలూరులో సువర్ణకి రొమ్ములో గడ్డ తీశారు. ఆరు కీమోలు పడాలన్నారు. మూడు పడ్డాయి. మొదటి కీమో రోజునే ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే స్టెల్లా మేడమ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఈ మందు త్వరత్వరగా పెరిగే కణాల్ని చంపుతుందమ్మా. తీసేసిన గడ్డలోంచి ఒంట్లో మిగిలినవి అలాంటివే. కానీ నోట్లో, పేగుల్లో, జుట్టు కుదుళ్ళలో ఉన్నవీ అలాంటివే, వాటికీ దెబ్బ తగులుతుంది. అందుకే నోరు పూస్తుంది, అన్నం ఇనుము నాకినట్టు ఉంటుంది, వాసనకే వాంతొస్తుంది. పాడైన చోటల్లా ఒళ్ళు మళ్ళీ కట్టుకురావాలి కదండీ? దానికి సరుకు కావాలి. తిండిలో దొరక్కపోతే ఏం చేస్తుందో తెలుసా? మీ కండనే కరిగించి వాడేసుకుంటుంది. అందుకని గుడ్డు, పప్పు, పెరుగు, చేప... బాగా ఉడికినవి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. కారం వద్దు. స్టీలు చెంచా ఇనుము రుచి వేస్తే ప్లాస్టిక్ చెంచాతో తినండి. వేడిగా ఉంటే వాసన కొడుతుంది, చల్లారాక తినండి."

ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది కూడా. గోపీచంద్ అప్పుడు బయట కారు దగ్గర ఫోన్లో చేపల లోడుకి ఐసు గురించి మాట్లాడుతున్నాడు. ఇంటికి రాగానే ఆ కాగితం కనకరత్నం చదివించుకుంది. పప్పు అనగానే ఆవిడ నుదురు చిట్లింది. చేప అనగానే మొహం పాలిపోయింది!

"ఎవరే ఆవిడ? ఎంతమందికి పథ్యం చేసిందంట? కోత కోసిన ఒంటికి పప్పు చీము, గుడ్డు చీము, పెరుగు చలవ, నీచు విషం! మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది. నేను చెబుతున్నాను!"

కాగితం నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళింది. ఆనాటి నుంచి ఒకటే వంట. పాత బియ్యం అన్నం, మిరియాల కారం, వెల్లుల్లి చారు. బాలింతకి పెట్టే పథ్యమే, ఇంకా కొంచెం కఠినంగా!

ఎంత విడ్డూరమో చూడండి. మండవల్లికి అవతల, కొల్లేరు అంచున పన్నెండెకరాల చేపల చెరువు వాళ్ళది. ఇంటి వెనకే లారీల కొద్దీ శీలావతి, బొచ్చె పెరుగుతాయి. గోపీచంద్ పదిహేను రోజులకోసారి వల వేయించి, పది చేపలు తీసి, ఒక్కొక్కటీ తూచి, ఎన్ని గ్రాములు పెరిగిందో చూసుకుంటాడు. కిందటి నెల చేప బరువు తగ్గింది. నీళ్ళలో ఏదో రోగం వచ్చిందేమోనండీ అన్నాడు మేత వేసే మనిషి. గోపీచంద్ వాణ్ణి గట్టు మీద పడేసి తన్నాడు! "చేపకి రోగం లేదురా! బరువు తగ్గిందంటే మేత అందట్లేదు!" అని అరిచాడు. తీరా చూస్తే గోపీచంద్ అన్నదే నిజమైంది. నీళ్ళలోకి వేలాడదీసిన తవుడు సంచులకి మేత బయటికి రావటానికి పెట్టిన చిల్లులు పూడుకుపోయాయి. మేత సంచిలోనే ఉంది, చేపకి అందలేదు. అంత తెలివైనవాడు తన పక్కలో పడుకున్న మనిషి ఎముకలు తగులుతుంటే కీమో అంటే అంతే కదా, అందరూ చిక్కిపోతారు అనుకున్నాడు!

వారం క్రితం నాలుగో కీమోకి వెళితే డాక్టరు రక్తం రిపోర్టు చూసి తల అడ్డంగా ఊపాడు. "రక్తంలో మాంసకృత్తులు లేవండి, ఒంట్లో కండ లేదు. ఇలాంటి ఒంట్లోకి మందు ఎక్కిస్తే రోగంకంటే ముందు మనిషి పోతుంది. మూడు వారాలు చూస్తాను. కోలుకోకపోతే ఈ మందు ఇక ఇవ్వలేను" అన్నాడు. ఆ మాట సువర్ణ గుండెల్లో దిగబడిపోయింది. రోగం తనని చంపదు, ఆకలి చంపుతుంది... గాయత్రి పదో తరగతి కూడా చూడకుండా! అప్పుడే కూతుర్ని గుడ్డు తెమ్మని అడిగింది. జీవితంలో మొదటిసారి అత్తగారికి చాటుగా చేసిన పని అదే.

ఆ సాయంత్రం గాయత్రి మేనమామ అభినవ్‌కి ఫోన్ చేసింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో గుమస్తా అతను. అక్కంటే ప్రాణం. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మోటారు సైకిలు తిన్నగా చెరువు గట్టు మీదికే వచ్చి ఆగింది.

ఆ రోజు చేపలు పడుతున్నారు. వల లాగేవాళ్ళ కేకలు, ఐసు దంచే చప్పుడు, లారీలు... గట్టు మీద పెద్ద కాటా, దాని పక్కన ఇరవై ఏళ్ళుగా కాటా దగ్గర నిలబడే ఆనంద్ పాల్. ట్రే పడటం, అంకె చూడటం, గట్టిగా అరిచి చెప్పటం. అదే అతని పని.

"బావగారూ!" అన్నాడు అభినవ్. తర్వాత మాట రాలేదు, చెయ్యి వచ్చింది. గోపీచంద్ మూతి మీద గుద్దిన గుద్దుకి పెదవి చిట్లి రక్తం కారింది. "మా అక్క నోట్లో కారం కుక్కుతావా? నువ్వు మనిషివేనా?"

"నా ఇంటి సంగతి నీకెందుకురా!" గోపీచంద్ పడవ గెడ అందుకున్నాడు. వెదురు గెడ గాలిలో తిరిగి అభినవ్ భుజం మీద దిగింది. ఎముక చప్పుడు అందరికీ వినబడింది. అయినా వాడు వదల్లేదు, ఒంటి చేత్తోనే బావ పీక పట్టుకున్నాడు. ఇద్దరూ చేపల కుప్ప మీద పడ్డారు. కొట్టుకుంటున్న చేపల మధ్య కొట్టుకుంటున్న మనుషులు! విడదీయబోయిన ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. గోపీచంద్ ఐసు గడ్డ అందుకుని బావమరిది తల మీదికి ఎత్తాడు...

"ఆపండి!"

ఎవరికీ వినబడలేదు. వినబడేంత గొంతు లేదు సువర్ణకి. ఇంటి నుంచి గట్టుకి రెండొందల అడుగులు. కూతురి భుజం పట్టుకుని, పదిసార్లు ఆగి, రెండుసార్లు కూర్చుని వచ్చింది. వెనకాలే కనకరత్నం "గాలి తగలకూడదే, ఇంట్లోకి రావే!" అంటూ పరుగెత్తుకొస్తోంది. ఇంకోసారి అరవటానికి సువర్ణకి ఊపిరి చాల్లేదు. ఎదురుగా కాటా కనబడింది. నీళ్ళు కారుతున్న ఆ ఇనప పలక మీదికి చెప్పులు విడిచి ఎక్కి నిలబడింది.

కాటా కదలగానే ఆనంద్ పాల్ నోరు తనంతట తనే తెరుచుకుంది. అలవాటు!

"ముప్పై ఎనిమిదీ నాలుగొందలు!"

అరిచాక గానీ అతను తలెత్తి చూడలేదు. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అమ్మగారూ... మీరా..." అన్నాడు. గట్టు మీద చప్పుడు ఆగిపోయింది. గోపీచంద్ చేతిలో ఐసు గడ్డ జారి అతని పాదం మీదే పడింది.

"ఆపరేషన్ రోజు యాభై మూడండీ నేను," అంది సువర్ణ. గొంతు సన్నగా ఉంది కానీ ఇప్పుడు అందరికీ వినబడుతోంది. "పదిహేను రోజులకోసారి చేపని తూస్తారు. నన్నెప్పుడైనా తూచారా? మీ చేప ఇన్ని కేజీలు తగ్గితే ఏమంటారండీ మీరు? రోగమంటారా? చెప్పండి... వీళ్ళందరి ముందూ చెప్పండి!"

గోపీచంద్ ఆ ఎర్ర అంకెల వంక చూశాడు. చితికిన పెదవి కదిలింది.

"మేత... మేత అందట్లేదంటాను..."

అనేసి, తన మాట తనకే వినబడినట్టుంది, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని బురదలో కూలబడ్డాడు! మేత వేసే మనిషి ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు. కిందటి నెల తన్నులు తిన్నది అతనే.

అప్పుడు ఏడుపు వినబడింది. అది సువర్ణది కాదు, గాయత్రిదీ కాదు. కనకరత్నం! ఎవరి ముందూ కన్నీరు పెట్టని మనిషి గట్టు మీద చతికిలబడి గుండెలు బాదుకుంటోంది.

"నేను మాడ్చలేదే తల్లీ... కాపాడుకుంటున్నాననుకున్నానే! నాగవేణికి పెట్టాను కదే... నా కూతురికి! ఇలాంటి రోగమే, పొట్టలో గడ్డ. మంచం మీద పడి ‘కొర్రమీను పులుసు తినాలనుందమ్మా’ అంది. పథ్యం తప్పించి నా చేత్తో పెట్టాను. కడుపు నిండా తింది... మూడో రోజుకి పోయింది! నా చేత్తో చంపుకున్నానే! నిన్ను కూడా చంపుకోకూడదనే..."

సువర్ణ నిలువునా కదిలిపోయింది. నాగవేణి పోయినప్పట్నుంచీ, పదకొండేళ్ళుగా అత్తగారు చేప ముట్టదని తెలుసు. ఇంటిల్లిపాదికీ వండుతుంది, ఉప్పు కూడా చూడకుండా దించుతుంది. ఏదో మొక్కు అనుకుంది. ఇదా! ఇన్నాళ్ళూ మిరియాల అన్నంలో ఆవిడ కలిపింది ఈ భయమా! కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. కాటా దిగి, మెల్లగా వంగి ఆ ముసలి చేతులు పట్టుకుంది. "ఊరుకోండి అత్తయ్యా... ఊరుకోండి" అంది.

అత్తగారిని ఊరుకోమన్న మనిషి భర్త వైపు తిరిగినప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంది.

"మా తమ్ముడితో గూడెం వెళుతున్నానండీ. పిల్లనీ తీసుకెళుతున్నాను. అత్తయ్యగారిది భయం. మీది మాత్రం భయం కాదు, చెయ్యి లేవటం అలవాటు. ఆ చెయ్యి ఎవరి మీదా లేవదని నాకు నమ్మకం కలిగితే అప్పుడు చూద్దాం. నా మీదే కాదు... ఆ మేత వేసే అతని మీద కూడా."

ఎవరో ఆటో పిలిచారు. విరిగిన భుజానికి తువ్వాలు కట్టుకుని అభినవ్ ముందు కూర్చున్నాడు.

మూడో రోజు గూడెంలో తలుపు కొట్టిన చప్పుడైంది. చూస్తే కనకరత్నం! రెండు బస్సులు మారి, చేతిలో డబ్బా పట్టుకుని, గుమ్మం బయటే నిలబడింది. "స్టెల్లా మేడమ్‌కి ఫోన్ చేయించి మళ్ళీ రాయించుకున్నానే. కారం వెయ్యలేదు, ముళ్ళు తీసేశాను. చల్లార్చి తెచ్చాను" అంది నేల చూపులు చూస్తూ. అభినవ్ మొహం గంటు పెట్టుకున్నాడు కానీ తలుపు మూయలేదు. ఆ రోజు నాలుగు చెంచాలు తింది సువర్ణ. రెండు వాంతైపోయాయి. గంట ఆగి మళ్ళీ పెట్టింది కనకరత్నం. విసుక్కోలేదు. అలా రోజు విడిచి రోజు బస్సులెక్కింది. పెసరపప్పు కట్టు, మెత్తటి గుడ్డు, పెరుగన్నం, కొర్రమీను. ఆ కొర్రమీను పట్టి ఇచ్చేవాడు గోపీచంద్. గూడెం దాకా వచ్చి వీధి మలుపులో బస్టాపు దగ్గరే నిలబడి వెళ్ళిపోయేవాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

రెండు వారాలకి ఏలూరు ఆసుపత్రిలో కాటా ఎక్కింది సువర్ణ. నలభై కేజీల మూడు వందలు! రక్తం రిపోర్టు చూసి డాక్టరు ఈసారి తల నిలువుగా ఊపాడు. "ఎల్లుండి నాలుగోది మొదలు పెడదాం" అన్నాడు. గాయత్రి తల్లిని వాటేసుకుని భోరుమంది.

స్టెల్లా మేడమ్ తన గదిలో, బల్ల అవతల నుంచి కనకరత్నం చేతిలో డబ్బా చూసింది. "మీరేనా అండీ వండేది? బాగా చేస్తున్నారు" అంది. ఆ చిన్న మెచ్చుకోలుకే ఆవిడ కళ్ళు నిండిపోయాయి. కూతురి సంగతంతా చెప్పేసింది. స్టెల్లా ఆ ముసలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మీ అమ్మాయి చేప తిని పోలేదమ్మా. ఆ రోగంతో పోయింది. మీరు పెట్టకపోయినా పోయేది... కానీ ఆకలితో పోయేది. మీరు పెట్టారు కాబట్టి ఇష్టమైంది, అమ్మ చేత్తో, కడుపునిండా తిని వెళ్ళింది."

పదకొండేళ్ళుగా మోస్తున్నది కనకరత్నం ఆ బల్ల దగ్గర దించుకుంది పాపం! సువర్ణ డబ్బా మూత తీసింది. ప్లాస్టిక్ చెంచాతో కాదు, చేత్తో ముద్ద కలిపింది. కొర్రమీను ముక్క అందులో పెట్టి అత్తగారి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"వద్దే... నేను తిననే..."

"మీరు తింటేనే నేను తింటాను అత్తయ్యా. నాగవేణి వదిన పెడుతోందనుకోండి."

పెదవులు మెల్లగా తెరుచుకున్నాయి. కళ్ళు మూసుకుని నమిలింది కనకరత్నం. నములుతూనే ఆగిపోయి, కోడలి మొహంలోకి ఆశ్చర్యంగా చూసింది.

"ఇందులో ఉప్పే లేదే అమ్మాయ్! కారం మానేస్తూ ఉప్పూ మర్చిపోయానే! పప్పుకీ గుడ్డుకీ రుచి చూస్తాను కానీ, చేపకి ఆ అలవాటే పోయింది... ఇన్నాళ్ళూ చప్పిడి కూరే తిన్నావా? ఒక్క మాటైనా చెప్పలేదే!"

"నాకూ తెలియలేదు అత్తయ్యా," అంది సువర్ణ, ఏడుస్తూ నవ్వుతూ. "నా నోటికి ఇంకా రుచి రాలేదు. మీ చెయ్యి వండింది కదా అని తిన్నాను."

కనకరత్నం కోడలి తల గుండెలకి హత్తుకుంది. అప్పుడప్పుడే నూగుగా మొలుస్తున్న జుట్టు ఆవిడ చెంపకి తగిలింది. వరండాలో గుమ్మానికి అవతల గోపీచంద్ నిలబడి ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టే ధైర్యం లేక. సువర్ణ అతన్ని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గాయత్రిని పిలిచి, "క్యాంటీన్‌లో కొంచెం ఉప్పు అడిగి పట్రమ్మని మీ నాన్నకి చెప్పు" అంది.